ఏడు హాలీ, ఆరు కల్దార్

ముందుగా పోయినవి రాస్తాను. నాయిన చెక్కపెట్టె ఒకటి. ఆ పెట్టె అడుగున చివరికి ఎవరూ మార్చుకోక మిగిలిన రాగి చిల్లర, రూపాయి మూడణాలు. నేను చదవాల్సి ఉండి చదవని నెలలు నలభై ఎనిమిది. పక్కింటి పిల్ల చదవాల్సి ఉండి చదవనివి ముప్పై అయిదు. రెండూ కలిపితే ఎనభై మూడు. ఒక టీచరమ్మ. ఒక స్నేహం కూడా పోయింది గానీ దాన్ని ఒకటిగా వేయాలో సగంగా వేయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. అవతలి మనిషి లెక్కలో అది పోలేదు మరి.

నేను ఇప్పుడు మోండా మార్కెట్లో మూడు దుకాణాలకు లెక్కలు రాస్తాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వడ్డీ కట్టడం, తరుగు తీయడం, ఏడాది చివర పద్దు తేల్చడం అన్నీ చూసి నేర్చుకున్నవే. ఆ మూడు దుకాణాల్లో ఎక్కడైనా అయిదు పైసలు తేడా వస్తే అది దొరికే దాకా ఇంటికి వెళ్ళను. నా సొంత పద్దు ఒకటి మాత్రం పోలీసు చర్య నాటి నుంచి తేలకుండా ఉంది.

అప్పట్లో సికింద్రాబాదు వాళ్ళ చేతుల్లో రెండు రకాల రూపాయలు తిరిగేవి. హైదరాబాదు పట్నం వైపు, నిజాం సర్కారు కచేరీలలో నడిచేది హాలీ సిక్కా. కంటోన్మెంటు పక్క, రైలు టికెట్టుకూ బడి ఫీజుకూ నడిచేది ఇంగ్లీషు వాళ్ళ కల్దార్. ఏడు హాలీ ఇస్తే ఆరు కల్దార్ వచ్చేవి. ఈ ఏడూ ఆరే మా ఇంట్లో అన్నం పెట్టిన అంకెలు. నాయిన స్టేషను మెట్ల పక్కన గోనెపట్టా పరుచుకొని కూర్చునేవాడు. ముందు చెక్కపెట్టె, దాని మీద హాలీ ఒక వరస, కల్దార్ ఒక వరస. రైలు దిగినవాళ్ళకు ఒకటి కావాలి, ఎక్కేవాళ్ళకు ఇంకొకటి కావాలి. మార్చినందుకు రూపాయికి ఒక పై తీసుకునేవాడు. అణాకు పన్నెండు పైలు. పెట్టె మీది రూపాయలు మావి కావు. పొద్దున నాణేల వ్యాపారం చేసే సరాఫు దగ్గర లెక్కపెట్టి తెచ్చి సాయంత్రం లెక్కపెట్టి అప్పజెప్పేవాడు. మధ్యలో రాలిన పైలే మావి.

బడి విడిచాక నేను పోయి ఆయన పక్కన కూర్చునేదాన్ని. సరాఫు చీటీలు ఉర్దూలో ఉండేవి. ఉర్దూ చదవడం రాకపోయినా ఉర్దూ అంకెలు, హాలీ, కల్దార్ అనే రెండు మాటలు చూసిన వెంటనే గుర్తుపట్టేదాన్ని. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు కావాలి.

మా ఇల్లు సీతాఫల్‌మండిలో. పక్కిల్లు దూదేకుల వాళ్ళది. వాళ్ళు నమాజు చేసేవాళ్ళు, పండుగలు వేరు, మాట మాత్రం మా మాటే. తండ్రి విల్లు భుజాన వేసుకొని వీధులు తిరిగి పాత పరుపుల్లో దూది ఏకి మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. తల్లి ఇంట్లో గుడ్డ ముక్కలు చేర్చి బొంతలు కుట్టేది. వాళ్ళ ఒక్క కూతురు నా ఈడుది, నా క్లాసుది. రెండిళ్ళ గడపల మధ్య పదిహేడు అడుగులు.

ఆ పిల్ల అంటే నాకు మొదటి నుంచీ అసూయ. ఆమె నవ్వితే వినేవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. తల్లి బొంత కుడుతుంటే ఒళ్ళో తల పెట్టుకొని పడుకునేది. ఆ తల్లి ఒక చేత్తో సూది, ఒక చేత్తో కూతురి జుట్టు. మా అమ్మకు నలుగురు పిల్లలం. ఎవరి వంతుకూ ఒక చెయ్యి పూర్తిగా వచ్చేది కాదు.

మా బడి ఒక రేకుల షెడ్డు. టీచరమ్మ ఒక్కతే. బెజవాడ వైపు మనిషి, ఉర్దూ రాదు, హాలీ రూపాయి ఇస్తే తిప్పి తిప్పి చూసేది. పట్నంలో ఒక ధర్మసంస్థ బీద పిల్లల పైచదువుకు నెలనెలా వజీఫా ఇస్తుందని విని, మా బడి పిల్లల కోసం ఆ సంస్థకు ఏడు ఉత్తరాలు రాసింది. నాలుగు నేనే డబ్బాలో వేశాను. చివరికి ఆ సంస్థ గుమాస్తా, ఒక మున్షీ సాబు వచ్చాడు. మా బడికి వజీఫా ఒకటే అన్నాడు. స్టేషను అవతల ఆడపిల్లల మిడిల్ స్కూలులో నాలుగేళ్ళ చదువు. టీచరమ్మ ఇద్దరిని నిలబెట్టింది, నన్నూ ఆ పిల్లనూ.

పది లెక్కలు అడిగితే నేను పది చెప్పాను. ఆమె ఏడు చెప్పింది.

"మీ నాయిన ఏం జేస్తడు?" అన్నాడు మున్షీ సాబు నాతో.

"స్టేషన్ కాడ సిక్కాలు మారుస్తడు."

"మెట్ల పక్కన కూసునేటాయనేనా? ఇప్పుడే చూసుకుంట వచ్చిన. ముందట రూపాల కుప్పలు పెట్టుకున్నడు." టీచరమ్మ వైపు తిరిగాడు. "గీ పిల్ల హిసాబు మంచిగనే చేస్తది. కని వజీఫా గరీబులకమ్మా."

"అవి వాళ్ళవి కావండీ," అంది టీచరమ్మ.

"ఎవలి రూపాలు వాళ్ళ ముందటనే ఉంటయి గదమ్మా."

తర్వాత ఆ పిల్లను అడిగాడు. "మా నాయిన దూది ఏకుతడు. అమ్మ బొంతలు కుడతది. నేను జెర అడ్డం పడుత," అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అంతే, అయిపోయింది.

మర్నాడు టీచరమ్మ నన్ను ఉండమని, ఆ పిల్ల పేరున వచ్చిన దరఖాస్తు కాగితం నా ముందు పెట్టింది. ఫీజు, పుస్తకాలు, కుట్టు సామాను అన్నీ కలిపి స్కూలుకు నెలకు ఏడు రూపాయలు కట్టాలి. అక్కడ కల్దారే తీసుకునేవాళ్ళు. కాగితం ఉర్దూలో ఉంది.

"ఉర్దూ అంకెలు నీకొచ్చుగా. ఈ గడిలో ఏడు అని వెయ్యమ్మా. నీ చేతి అంకెలు శుభ్రంగా ఉంటాయి," అంది.

గడి మీద ఉన్న మాట నాకు తెలిసిన రెండు మాటల్లో ఒకటి. హాలీ. అంటే అందులో వేయాల్సింది ఏడు కాదు. ఏడు కల్దార్ కావాలంటే ఎనిమిది రూపాయల రెండణాల ఎనిమిది పైలు హాలీ వేయాలి. ఆ లెక్క నాకు కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేది.

"ఏడేనా టీచరమ్మా?" అన్నాను.

"ఫీజు ఏడే కదమ్మా?"

"ఏడే."

వేశాను. ఏడు అంకె ఉర్దూలో రెండు గీతలు, పైకి తెరుచుకొని ఉంటుంది. అంత చక్కగా నేను ఎప్పుడూ వేయలేదు.

ఆ తర్వాత ఆమె దగ్గర కొత్తగా చేరినవన్నీ నేను లెక్కపెట్టాను. రిబ్బన్లు రెండు. పరుపు గుడ్డతో తల్లి కుట్టిన చారల సంచి ఒకటి, లోపల అరలు మూడు. గట్టి అట్ట పుస్తకాలు అయిదు. పొద్దున్నే మా ఇంటి ముందు నుంచే పోయేది. నేను వాకిలి ఊడుస్తున్నట్టు చీపురు పట్టుకొని నిలబడేదాన్ని. సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చుని ఆ రోజు నేర్చుకున్నది చెప్పబోయేది.

"ఇయ్యాల బటర్‌ఫ్లై చెప్పిండ్రే. అంటే సీతాకోకచిలుక."

"మాకు సీతాకోకచిలుకే చాలు."

"ఏందే, నన్ను జూస్తె నీకు కడుపుల నొస్తదా?" అని నవ్వి, అయినా పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టేది. నేను బొమ్మలు కూడా చూసేదాన్ని కాదు. ఆమె పోయాక, పుస్తకం పెట్టినచోట లంగా మీద పడ్డ మడత చాలాసేపు ఉండేది.

ప్రతి నెలా మొదట్లో తల్లీ కూతుళ్ళు స్టేషనుకు వచ్చి ఏడు హాలీ రూపాయలు నాయిన పెట్టె మీద పెట్టేవాళ్ళు. నాయిన వాళ్ళ దగ్గర పై కూడా తీసుకోకుండా ఆరు కల్దార్ ఇచ్చేవాడు. తల్లి వాటిని రెండుసార్లు లెక్కపెట్టేది.

"ఆరేనా అన్నా?"

"ఏడుకు ఆరే చెల్లె. నేను జేసేది ఏం లేదు."

"ఇంకొక్కటి నేను చూసుకుంట తీయి," అని కొంగు కొసన ముడి విప్పేది. అందులో ఒక కల్దార్ ఉండేది. నెలకు ఒక బొంత ఎక్కువ కుట్టడం మొదలుపెట్టింది ఆవిడ. ఒక బొంత, ఒక రూపాయి.

వాళ్ళు పోయాక నాయిన అన్నాడు. "ఎవడో లెక్క తెల్వనోడు రాసిండు గీ వజీఫా. హాలీలకు మార్చి అడిగితె అయిపోతుండె. నువ్వుంటె గిట్ల కాకపోతుండె బిడ్డా." నేను పడిపోయిన రూపాయల వరస సరిచేస్తూ కూర్చున్నాను.

నిజం చెప్పాలంటే ఆ రూపాయి లోటు ఆమెను కుంగదీస్తుందని అనుకున్నాను. రెండు నెలలు, మూడు నెలలు, ఆ తర్వాత మానేస్తుందని వేళ్ళ మీద లెక్కపెట్టాను. అలా కాలేదు. కూతురి కోసం ఆ తల్లి వేసిన ప్రతి కుట్టూ నాకు కనిపించింది. తీసేద్దామనుకున్న రూపాయి అటువైపు వెళ్ళి ఇంకో ప్రేమగా లెక్కలో చేరింది. వజీఫా మీద ఉన్న అసూయ ఒకటైతే, ఆ బొంతల మీద పుట్టింది ఇంకొకటి. రెండోదే పెద్దది.

ఇలా తొమ్మిది నెలలు. తొమ్మిది బొంతలు.

తర్వాత ఊరు మారిపోయింది. రజాకార్ల మాటలు, రైళ్ళలో భయం, మెట్ల మీద మనుషులు పలచబడటం ముందు నుంచే ఉన్నాయి. పోలీసు చర్య జరిగిన ఆ అయిదు రోజులు నాయిన పెట్టె తెరవలేదు. అయిదో రోజు దాటాక తిరుమలగిరి వైపు మిలిటరీ లారీలు పోతుంటే లెక్కపెడదామని రోడ్డు మీదికి పరుగెత్తాను. అరవై దాకా లెక్కపెట్టాక అమ్మ వచ్చి చెవి పట్టుకొని లోపలికి లాక్కుపోయింది. పక్కింటి తలుపు మూసే ఉంది. విల్లు మోత వినబడక వీధి వేరే వీధిలా ఉండేది. అమ్మ రెండు పూటలు జొన్నరొట్టెలు గోడ మీద నుంచి అందించింది. ఒక్కోసారి ఆరు. మాకు ఆ పూట తలా ఒకటిన్నరే వచ్చింది. అది కూడా నాకు గుర్తుంది.

అన్నీ సర్దుకున్నాక కూడా దూదేకులాయన తెలియని వీధిలోకి పోవడానికి జంకేవాడు. తెలిసిన వీధిలోనూ పరుపు విప్పించుకునే తీరిక ఎవరికీ లేదు. బొంతలు కొనేవాళ్ళు లేరు. పట్నంలో ధర్మసంస్థ పుస్తకాలు తనిఖీలో ఉన్నాయని నాలుగు నెలలు వజీఫా రాలేదు. స్కూలు వాళ్ళు మంచివాళ్ళే, ఆగారు. అయిదో నెలలో నాలుగు నెలల బాకీ ఒక్కసారే వచ్చింది. నాలుగు ఏడ్లు ఇరవై ఎనిమిది హాలీ. నాయిన ఇరవై నాలుగు కల్దార్ లెక్కపెట్టి ఇచ్చాడు. కట్టాల్సింది ఇరవై ఎనిమిది.

తల్లి కొంగు ముడి విప్పలేదు. అందులో ఏమీ లేదని నాకు తెలుసు.

"నాలుగు రూపాలు అన్నా. జెర నీ దగ్గర..." అంది.

నాయిన పెట్టె వైపు చూశాడు. పెట్టె మీద ఉన్నవి సరాఫువి. అప్పటికి ఆయన రోజుకు అణా కూడా తేవడం లేదు. "ఉంటె నువ్వు అడుగుడెందుకు చెల్లె, నేనే ఇస్తుంటి," అన్నాడు.

ఇరవై నాలుగూ పట్టుకెళ్ళి కట్టారు. మిగిలిన నాలుగింటికీ పదిహేను రోజులు గడువు ఇచ్చి, ఆ తర్వాత స్కూలు వాళ్ళు పేరు కొట్టేశారు. చారల సంచి పక్కింటి దండెం మీద ఆరేసి కనిపించింది. అందులో దూది పెట్టుకుంటున్నారు. చూడగానే నాకు కలిగింది సంతోషమే. ఆ మాట మార్చి రాయలేను.

మున్షీ సాబు మళ్ళీ వచ్చాడు. ఖాళీ అయిన వజీఫా మా బడిదే, రెండో పిల్లను ఇవ్వమన్నాడు. ఈసారి స్టేషన్లో నాయిన పెట్టె చూశాడట. వరసలు లేవు, నాలుగు రూపాయలు విడివిడిగా ఉన్నాయి. "గిప్పుడు గరీబే," అన్నాడు. అలా నేను అర్హురాలినయ్యాను. టీచరమ్మ మళ్ళీ అలాంటి కాగితమే నా ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా వేరే పిల్లల పలకలు దిద్దుతూ కూర్చుంది. నేను గడిలో ఎనిమిది రూపాయల రెండణాల ఎనిమిది పైలు వేశాను.

మున్షీ సాబు కళ్ళద్దాలు పైకి జరిపాడు. "పోయిన పిల్లకు ఏడే అడిగిండ్రు గద. ఫీజు పెరిగిందా?"

"లేదు సాబ్. ఫీజు ఏడు కల్దార్. గీ గడి హాలీది. కల్దార్‌కు రూపాయి రెండణాల ఎనిమిది పైలు. ఏడుతోని గుణిస్తే ఇంత అయితది."

"షాబాష్. మా కచేరీల సుత గింత జల్ది చెయ్యరు," అని ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళాడు.

నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో అప్పుడు తెలిసింది. పలకలు దిద్దే చప్పుడు ఆగిపోయింది.

"ఆ లెక్క అప్పుడు నీకు తెలియదా?" అంది టీచరమ్మ.

అంకెల విషయంలో అబద్ధం చెప్పడం నాకు రాదు. "తెలుసు," అన్నాను.

ఆమె కొట్టలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టింది. "వెళ్ళి వాళ్ళమ్మకి చెప్పిరా. చెప్పొచ్చాక దీన్ని పంపిస్తాను. గడువు పది రోజులుంది."

పదిహేడు అడుగులు. మొదటి రోజే వెళ్ళాను. ఆ పిల్ల తండ్రి పక్కన కూర్చుని దూది ఏకుతోంది. కనుబొమ్మల మీద, ముక్కు మీద దూది. "రాయే రా, ముసలవ్వను అయిన చూడు," అంది నన్ను చూసి. తల్లి గురిగిలోంచి గుప్పెడు పుట్నాలు తీసి నా చేతిలో పోసింది. "మా పిల్లకు పోయిందని బాధ లేదు బిడ్డా. నీకన్న వచ్చింది, అదే శాన," అంది. కూతురి తలలో దూది ఏరుతూ అంది ఆ మాట.

ఆ చెయ్యి ఆ తలలో ఉన్నంతసేపూ నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. చదువు పోయిన పిల్లకు ఇంకా ఏదో మిగిలే ఉంది, వజీఫా వచ్చిన నాకు అది లేదు. పుట్నాలు తిని వచ్చేశాను. లెక్కపెట్టాను కూడా, ముప్పై ఒకటి. ఇంకో మూడుసార్లు గడప దాకా వెళ్ళి వచ్చాను. పది రోజులూ అయిపోయాయి. కాగితం సొరుగులోనే ఉంది. ఆ ఏడాది వజీఫా మా బడి నుంచి ఎవరికీ పోలేదు. వేసవి ముందు టీచరమ్మ బెజవాడ వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. నాలుగైదేళ్ళలో హాలీ సిక్కా రద్దయింది. నాయిన పెట్టెను కట్టెల అడితిలో గుమాస్తాకు కూర్చునే పీటగా ఇచ్చేసి అక్కడే తూకానికి కుదిరాడు. నేను ఆ అడితిలోనే లెక్కలు రాయడం మొదలుపెట్టాను.

పక్కింటి వాళ్ళు అల్వాల్‌కు మారారు. ఆమె పెళ్ళయి అక్కడే పరుపుల దుకాణంలో కూర్చుంటుందని విన్నాను. ఒక ఏడాది చివర దుకాణాల పద్దులన్నీ తేల్చాక, నాది కూడా తేల్చేద్దామని బయలుదేరాను. తొమ్మిది బొంతలకు తొమ్మిది, కట్టలేకపోయిన నాలుగు, మొత్తం పదమూడు రూపాయలు. వడ్డీ వేయలేదు. వడ్డీ ఏ రేటుకో ఆమెనే అడగాలి, అడగాలంటే అసలు ఏమిటో చెప్పాలి. పదమూడు నోట్లు కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను.

"ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందానే నీకు?" అంది నన్ను చూసి. లావైంది. నవ్వు అలాగే ఉంది. ఆమె పక్కన దూది బస్తా మీద కూతురు పడుకొని గట్టి అట్ట పుస్తకం ఏదో చదువుతోంది. మాట్లాడుతూనే ఈమె చెయ్యి ఆ పిల్ల తలలోకి పోయింది. తల్లి చెయ్యి ఎలా పోయేదో అలాగే. నలభై దగ్గరికి వచ్చిన దాన్ని, నాకు మళ్ళీ అదే పుట్టింది.

"మీ అమ్మ?" అన్నాను.

"పోయి మూడేండ్లు. నిన్ను యాది జేస్తుండె. హిసాబు పిల్ల ఎట్లుందో అనుకుంట."

నేను కాగితం పొట్లం విప్పి నోట్లు ముందున్న బొంత మీద పెట్టాను. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. ఆమె నోట్లు లెక్కపెట్టింది.

"గిది పదహారు రూపాల బొంతనే. అమ్మ కుట్టు నేర్చుకొని నేనే కుట్టిన. పదమూడే తెచ్చినవా?" బొంత మడత పెట్టడం మొదలుపెట్టింది. "తీయి, నీకు గాబట్టి. వేరేటోళ్ళకైతే అణా తగ్గించ."

"బొంతకు కాదు," అన్నాను.

"మరి దేనికే?"

కూతురు పుస్తకం లోంచి తల ఎత్తి చూసింది. "ఏం లేదు, కట్టు," అన్నాను. పురికొసతో రెండు చుట్లు చుట్టి, ముడి వేసి ఇచ్చింది. బస్సు దాకా వచ్చి ఎక్కించింది.

ఆ బొంత కప్పుకోలేదు. ట్రంకుపెట్టెలో ఉంది. పద్దు ఇలా తేలింది. ఆ రోజు ఇచ్చిన పదమూడూ బొంత కింద జమ, పాత బాకీలోంచి ఒక్క పైసా తగ్గలేదు. పైగా బొంత ధరలో ఆమె నాకోసం వదులుకున్నవి మూడు. అసలు పదమూడు, ఈ మూడు కలిపి, ఈనాటికి నేను బాకీ ఉన్నది పదహారు రూపాయలు.